ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ నేర్చుకోవాలంటే: రేంజ్ వెతుక్కోవడం నుంచి మొదటి మ్యాచ్ దాకా

షూటింగ్ ఎక్కడ నేర్చుకోవాలి, ఏ గన్ కొనాలి అని అడిగేవాళ్ళలో చాలామంది రెండో ప్రశ్నకే తొందరపడతారు. గన్ చివర్లో కొనాల్సింది. ముందు రేంజ్, తర్వాత ట్రిగ్గర్, ఆ తర్వాతే డబ్బు. ఈ వరస తిరగబడిన ఇళ్ళలో రెండు లక్షల పైచిలుకు రైఫిల్ అటకెక్కి దుమ్ము కొట్టుకుపోతుంటుంది.

ఇక్కడ చెప్పేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ గురించి. రేపు .22 వైపు, అంటే మందుగుండు తూటా కాల్చే గన్ వైపు, వెళ్ళాలనుకున్నా మొదలు ఇదే మంచిది. శబ్దం తక్కువ, తన్ను దాదాపు ఉండదు, ఖర్చు తక్కువ. తప్పు చేస్తే ఎక్కడ చేశారో టార్గెట్ మీద తేటగా కనిపిస్తుంది.

1. ముందు చట్టం సంగతి

ఆయుధ నియమాలు 2016 ప్రకారం బోరు (బారెల్ రంధ్రం వ్యాసం) 4.5 మి.మీ. (.177) మించకుండా, బలం 20 జూళ్ళు దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టళ్ళు, రైఫిళ్ళు 10 జూళ్ళ లోపే ఉంటాయి. కొనేటప్పుడు గుర్తింపు కార్డు, చిరునామా రుజువు పట్టుకెళ్ళండి. బిల్లు జిరాక్సు ఒకటి ఎప్పుడూ గన్ పెట్టెలోనే ఉంచండి. ప్రయాణంలో పోలీసులు అడిగితే మాటల కంటే ఆ కాగితమే పనికొస్తుంది.

.22 రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ అయితే ఆయుధాల చట్టం 1959 కింద లైసెన్సు కావాలి. మామూలు దరఖాస్తుదారుకి 21 ఏళ్ళు నిండాలి, భద్రతా శిక్షణ పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ చూపాలి. సొంత లైసెన్సు లేకపోయినా, లైసెన్సున్న రైఫిల్ క్లబ్బులో సభ్యులైతే క్లబ్బు ఆయుధంతో వాళ్ళ రేంజ్‌లోనే, వాళ్ళ పర్యవేక్షణలోనే సాధన చేయొచ్చు.

ఇంకో మాట. ఊళ్ళలో దీన్ని ఇంకా 'పిట్టల తుపాకీ' అనే అంటారు. లైసెన్సు అక్కర్లేదు కదా అని పిట్టల మీద పేలిస్తే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కేసవుతుంది. పెళ్ళి ఊరేగింపులో లైసెన్సున్న తుపాకీని గాల్లోకి పేల్చి జనాన్ని ప్రమాదంలో పెట్టినా, 2019 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

2. రేంజ్, కోచ్ ఎంపిక

హైదరాబాద్‌లో అయితే గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ రేంజ్ ఉంది. ఒలింపిక్ షూటర్ గగన్ నారంగ్ పెట్టిన గన్ ఫర్ గ్లోరీ లాంటి ప్రైవేటు అకాడమీలూ ఉన్నాయి. వేరే జిల్లాల వాళ్ళు తమ రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌ని అడిగి, గుర్తింపున్న క్లబ్బు దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోవాలి. పోటీలకు వెళ్ళేటప్పుడు ఎలాగూ ఆ అసోసియేషన్ గడప తొక్కాల్సిందే.

ఫీజు కట్టే ముందు ఒక సాయంత్రం వెళ్ళి గంటసేపు ఊరికే కూర్చుని చూడండి. గమనించాల్సినవి:

☐ 'స్టాప్' అనగానే అందరూ ఆగుతున్నారా, లేక 'ఒక్కటి సార్' అని ఇంకోటి పేలుస్తున్నారా?
☐ ఫైరింగ్ లైన్ వెనక గన్ చేత్తో పట్టుకుని ఎవరైనా తిరుగుతున్నారా? తిరుగుతుంటే ఆ రేంజ్ వద్దు.
☐ వాడని గన్‌లలో రంగు సేఫ్టీ ఫ్లాగ్ (గన్ ఖాళీ అని చూపడానికి దూర్చే రంగు తీగ) కనిపిస్తోందా?
☐ ఒక్కో కోచ్ కింద ఎంతమంది ఉన్నారు? కొత్తవాళ్ళు ఆరుగురు దాటితే మీ వంతు వచ్చేసరికి గంట అయిపోతుంది.
☐ కోచ్ టార్గెట్ స్క్రీన్ వైపు చూస్తున్నాడా, పిల్లవాడి చేతివేలి వైపా? వేలు చూసేవాడు మంచి కోచ్.
☐ ఫీజులో పెల్లెట్లు (ఎయిర్ గన్‌లో వేసే సీసపు గుళ్ళు), గన్ అద్దె కలిసే ఉన్నాయా, విడిగానా? ఇది కాగితం మీద రాయించుకోండి.

మొదటి రోజే చేతికి పెల్లెట్ల డబ్బా ఇచ్చి 'కొట్టేయ్' అనే చోటు జాతరలో బెలూన్ల దుకాణంతో సమానం. సరదాకి బాగుంటుంది, నేర్చుకోవడానికి కాదు.

3. పిస్టలా, రైఫిలా?

పిస్టల్ బరువు 1.5 కిలో లోపు, రైఫిల్ 5.5 కిలోల లోపు ఉండాలన్నది నియమం. రైఫిల్‌కి జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ విడిగా కావాలి. ఆ సరంజామా ఖర్చు గన్ ఖర్చుతో పోటీ పడుతుంది. పిస్టల్‌కి చదునైన అడుగున్న బూట్లు చాలు.

అయితే మొదట్లో రైఫిల్ స్కోరు త్వరగా పెరుగుతుంది. పిస్టల్ విసిగిస్తుంది. మొదటి మూడు నెలలు పెద్దగా కదలదు. ఓపిక తక్కువనుకునే పెద్దవాళ్ళకు రైఫిల్, ఖర్చు చూసుకోవాల్సిన వాళ్ళకు పిస్టల్. పదేళ్ళ లోపు పిల్లలకు ఐదు కిలోల రైఫిల్ నిలబడి మోయించొద్దు, నడుము పాడవుతుంది. స్టాండ్ మీద ఆనించి నేర్పాలి.

ఎన్‌సీసీలో .22 కాల్చినవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడ మీరు పడుకుని కాల్చారు. ఇక్కడ నిలబడాలి. ఆ నమ్మకంతో వస్తే మొదటి వారం కొంచెం దెబ్బ తింటారు.

ఏ కన్ను బలమైనదో ముందే తేల్చుకోండి. చేతులు చాచి, రెండు అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి దూరంగా గోడ గడియారం చూడండి. ఒక కన్ను మూయండి, తర్వాత రెండోది. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులో ఉంటుందో అదే మీ కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను బలం అయితే కంగారేం లేదు. గురిచూడని కంటి ముందు తెల్లటి అడ్డు పెట్టుకోవచ్చు. దాని వెడల్పు 30 మి.మీ. దాటకూడదు. ఆ కన్ను మూయడం మాత్రం వద్దు. పది నిమిషాలకే ముఖ కండరాలు బిగిసి గురి కన్నూ అలుస్తుంది.

4. భద్రత: చేతికి అలవాటు కావాల్సిన వరస

గన్ ఖాళీ అని తెలిసినా లోడై ఉన్నట్టే చూడాలి. మిగతా అన్నీ దీన్నుంచి పుట్టినవే.

☐ బారెల్ ఎప్పుడూ టార్గెట్ వైపు. ఎవరైనా పిలిస్తే తల తిప్పండి, ఒళ్ళు తిప్పకండి. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే.
☐ గురి చూసే దాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే.
☐ 'లోడ్', 'స్టార్ట్' వినపడ్డాకే పెల్లెట్.
☐ 'స్టాప్' అంటే సగం నొక్కిన ట్రిగ్గర్ నుంచి కూడా వేలు తీసేయాలి.
☐ 'అన్‌లోడ్' అన్నాక బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) తెరిచి, సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి, టేబుల్ మీద పెట్టి ఒక అడుగు వెనక్కి.
☐ పెల్లెట్ సీసం. నోట్లో పెట్టుకోవద్దు, కాలుస్తూ బిస్కెట్లు తినొద్దు, ఇంటికెళ్ళే ముందు సబ్బుతో చేతులు కడగాలి.

గాలి సిలిండర్ గురించి విడిగా చెప్పాలి. అందులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, కొన్ని మోడళ్ళలో 300. పొడి గాలి మాత్రమే నింపాలి, ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు. మరలకు నూనె, గ్రీజు రాయొద్దు. నెమ్మదిగా నింపండి, గబగబా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది, చల్లారాక ఒత్తిడి చూపే ముల్లు కిందికి దిగుతుంది. మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేయొద్దు. సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. పదేళ్ళు దాటినదాన్ని పోటీకి తీసుకెళ్ళకండి. సెకండ్ హ్యాండ్ గన్ కొనేవాళ్ళు ముందు చూడాల్సింది బారెల్ కాదు, ఈ తేదీ.

5. పిస్టల్ పట్టు, నిలబడే తీరు

కుడిచేతి వాటం వాళ్ళకు చెబుతున్నాను, ఎడమచేతి వాళ్ళు తిప్పి చదువుకోండి.

పాదాలు భుజాల వెడల్పున. ఒళ్ళు టార్గెట్‌కి పక్కవాటుగా, కొద్దిగా ముందుకు తెరిచి. బరువు రెండు కాళ్ళ మీద సమానంగా. ఎడమ చెయ్యి జేబులోనో, బెల్టులోనో స్థిరంగా. తల నిటారుగా ఉంచి, మెడ మాత్రమే తిప్పాలి. తలను చేతి దగ్గరికి వంచకూడదు, చెయ్యే కంటి ఎత్తుకు రావాలి.

ఇక పట్టు. ఎడమ చేత్తో బారెల్ పట్టుకుని, కుడి అరచేతిలోకి గ్రిప్‌ని (పిడిని) దించండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఎంత పైకి పోతే అంత మంచిది. మధ్యవేలు, ఉంగరంవేలు నేరుగా వెనక్కి నొక్కుతాయి. చిటికెనవేలు, బొటనవేలు ఊరికే ఆని ఉంటాయి. మణికట్టు బిగువుగా, మోచెయ్యి నిటారుగా. కరచాలనం చేసేటప్పుడు ఎంత బలం పెడతారో అంత చాలు. చెయ్యి వణికేంత నొక్కుతున్నారంటే ఎక్కువైనట్టు.

గ్రిప్ మీ చేతికి సరిపోయిందా? కళ్ళు మూసుకుని పిస్టల్ ఎత్తి, కళ్ళు తెరవండి. ముందు సైటు (బారెల్ కొన మీది గురి పలక) వెనక సైటు గాడిలో దానంతట అది నిలబడితే సరిపోయినట్టు. ప్రతిసారీ ఎడమకే కనిపిస్తుంటే గ్రిప్ కోణం మార్చాలి. చెక్క గ్రిప్పుని అరగదీసో, పుట్టీ పెట్టో సరిచేస్తారు. ఈ పని కోచ్ ఎదురుగానే చేయండి. అరగదీసిన చెక్క మళ్ళీ రాదు.

6. రైఫిల్ నిలబడే తీరు

రైఫిల్‌ని మోయాల్సింది ఎముకలు, కండలు కాదు. రైఫిల్ పాఠమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

పాదాలు భుజాల వెడల్పున, ఎడమ తుంటి టార్గెట్ వైపు. తుంటిని కొద్దిగా ముందుకు నెట్టి, నడుము పైభాగాన్ని వెనక్కి వంచి, ఎడమకు తిప్పండి. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీదో, పక్కటెముకల మీదో ఆనాలి. పిడికిలి రైఫిల్ కింద స్తంభంలా నిలబడాలి. రైఫిల్ బరువు పిడికిలి, మోచెయ్యి, తుంటి, ఎడమ పాదం మీదుగా నేలకు దిగాలి. కుడి చెయ్యి రైఫిల్‌ని మోయకూడదు.

బట్ ప్లేటు (రైఫిల్ వెనక కొన) భుజం గుంటలో ప్రతిసారీ ఒకే ఎత్తున, చెంప చీక్‌పీస్ (చెంప ఆనించే దిమ్మ) మీద ఒకే బరువుతో ఉండాలి. చెంప మారితే గురి మారుతుంది. వెనక సైటు రంధ్రంలో చూసినప్పుడు ముందు సైటు గొట్టం చుట్టూ వెలుతురు ఉంగరం అన్ని వైపులా సమానంగా కనిపించాలి. ఒకవైపు మందంగా ఉంటే తల జరిగినట్టే.

రెండింటికీ వర్తించే పరీక్ష ఒకటుంది. గురి పెట్టి కళ్ళు మూసుకోండి, రెండు ఊపిరులు తీసుకుని తెరవండి. సైటు టార్గెట్‌కి ఎడమకి పోయి ఉంటే చేత్తో తోయకండి, వెనక పాదం కొద్దిగా జరపండి. చేత్తో తోసి కాలిస్తే ట్రిగ్గర్ పడే క్షణంలో ఒళ్ళు మళ్ళీ తన చోటికి పోతుంది, షాటూ అటే పోతుంది. ప్రతి పది షాట్లకోసారి ఈ పరీక్ష చేయాలి, పాదాలు తెలియకుండానే జరుగుతాయి.

7. పిస్టల్‌లో కన్ను ఎక్కడ ఉండాలి?

ముందు సైటు మీద. టార్గెట్ మీద కాదు. అందరూ తలూపుతారు, ఎవరూ చేయరు. కాబట్టి ఒక లెక్క చూడండి.

రెండు సైట్ల మధ్య దూరం 350 మి.మీ. అనుకుందాం. ముందు సైటు గాడిలో ఒక్క మి.మీ. పక్కకు జరిగితే, 10 మీటర్ల దగ్గర షాటు 28 మి.మీ. పైగా తప్పుతుంది. పిస్టల్ టార్గెట్‌లో 10 వలయం వ్యాసం 11.5 మి.మీ. 28 మి.మీ. తప్పు అంటే 7లో పడుతుంది. అదే సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి, చెయ్యి మొత్తంగా 5 మి.మీ. ఊగితే? షాటూ 5 మి.మీ. మాత్రమే జరుగుతుంది. అది ఇంకా 10లోనే.

అంటే చెయ్యి ఊగడం మీ శత్రువు కాదు. ఎంత గొప్ప షూటర్ చెయ్యయినా ఊగుతుంది. ఊగుతున్న చేతిలో ముందు సైటు తల, వెనక సైటు తల ఒకే గీత మీద ఉండాలి, రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉండాలి. నల్ల గుండ్రం మసకగా కనిపించడం తప్పు కాదు, అలాగే కనిపించాలి. అది తేటగా కనిపించిందంటే మీ కన్ను సైటు వదిలి పారిపోయినట్టు.

గురి నల్ల గుండ్రం నడుమ పెట్టకండి. నల్ల మీద నల్ల సైటు ఆనదు. గుండ్రం కింద కొంచెం తెల్ల జాగా వదిలి అక్కడ ఆపండి. షాటు నడుమ పడేలా వెనక సైటు సరిచేసుకోవచ్చు.

నలభై దాటినవాళ్ళకు ముందు సైటు మసకేస్తుంది. చదివే కళ్ళద్దాలు అందుకు పనికిరావు. ముందు సైటు దూరానికి, అంటే కంటి నుంచి సుమారు ఒక మీటరుకి, పవర్ రాయమని కంటి డాక్టర్‌ని అడగండి. పిస్టల్ ఎత్తి పట్టుకుని ఆ దూరం టేపుతో కొలుచుకుని వెళ్ళండి.

8. ట్రిగ్గర్

నూటికి తొంభై తప్పులు ఇక్కడే అని కోచ్‌లు అనేది ఊరికే కాదు.

వేలి మొదటి కణుపు మెత్తటి భాగం నడుమ ట్రిగ్గర్ ఆనాలి. వేలు గ్రిప్ చెక్కకు ఎక్కడా తగలకూడదు, తగిలితే నొక్కినప్పుడల్లా గన్‌ని పక్కకు తోస్తుంది. కదలిక నేరుగా వెనక్కి, మీ కంటి వైపు.

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు మోయాలన్నది నియమం. దాన్ని 510–520 దగ్గర పెట్టుకోండి. సరిగ్గా 500 పెడితే పోటీ రోజు తనిఖీలో తప్పే ప్రమాదం ఉంది. రెండు స్టేజీలున్న ట్రిగ్గర్‌లో (మొదట కొంత కదిలి ఆగేది, తర్వాత పేలేది) బరువులో ఎక్కువ భాగం మొదటి స్టేజీకే ఇవ్వండి. రైఫిల్‌కి కనీస బరువు నియమం లేదు, కానీ కొత్తవాళ్ళు మరీ తేలిక పెట్టుకుంటే అనుకోకుండా పేలుతుంది.

వరస ఇలా ఉండాలి:

క) పిస్టల్‌ని టార్గెట్ పైదాకా ఎత్తి, ఊపిరి వదులుతూ నెమ్మదిగా దించండి.
గ) దించుతూనే మొదటి స్టేజీ తీసేయండి.
చ) గురి జాగాలోకి వచ్చేసరికి ఊపిరి సగం వదిలి సహజంగా ఆగాలి. బిగపట్టకూడదు.
జ) కన్ను ముందు సైటు మీద, వేలు మాత్రం ఆగకుండా ఒత్తిడి పెంచుతూ పోవాలి.
ట) చెయ్యి నిలబడ్డాక 5–8 సెకన్లలో షాటు పడాలి.
డ) 10 సెకన్లు దాటితే దించేయండి. ఇది ఓటమి కాదు, నైపుణ్యం.
త) షాటు పడ్డాక రెండు సెకన్లు అలాగే ఉండండి. ఎక్కడ పడి ఉంటుందో మనసులో చెప్పుకుని, ఆ తర్వాతే స్క్రీన్ చూడండి.

'ఇప్పుడే పదిలో ఉంది, కొట్టెయ్' అని బుర్ర చెప్పిన క్షణంలో నొక్కిందే జెర్కు. చెయ్యి కదలకుండా ఉన్న క్షణాన్ని పట్టుకోవాలని చూస్తే పట్టుబడదు.

9. ఖాళీ సాధన: ఇంట్లో, పెల్లెట్ లేకుండా

స్కోరు పెంచేది ఇదే. రేంజ్‌లో 60 పెల్లెట్లు కాల్చే రోజున, ఇంట్లో 40 ఖాళీ షాట్లు కాల్చి ఉండాలి. గన్ లేనివాళ్ళు క్లబ్బులోనే మొదటి అరగంట దీనికి కేటాయించాలి.

గన్‌లో ఖాళీ సాధన మీట ఉంటేనే చేయండి. స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ గన్‌ని పెల్లెట్ లేకుండా పేలిస్తే లోపలి పిస్టన్ సీలు దెబ్బతింటుంది. .22ని ఖాళీగా కొడితే సూది చాంబర్ అంచుని నొక్కి పాడుచేస్తుంది.

మొదటి రెండు వారాలు ఎదురుగా టార్గెట్ వద్దు, తెల్లగోడ చాలు. గోడ మీద గురిపెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి కన్ను సైటు మీదే ఉంటుంది. ట్రిగ్గర్ 'టక్'మన్నప్పుడు ముందు సైటు ఎటు కదిలిందో చూడండి. కదలకపోతే అది మంచి షాటు.

తర్వాత చిన్న టార్గెట్ అతికించొచ్చు. పిస్టల్ నల్ల గుండ్రం అసలు వ్యాసం 59.5 మి.మీ. ఇంట్లో 5 మీటర్లే ఉంటే 29.75 మి.మీ., 3 మీటర్లుంటే 17.85 మి.మీ. గీయండి. రైఫిల్‌కి 30.5 మి.మీ., 5 మీటర్లకు 15.25. ఎత్తు కూడా లెక్కకట్టాలి. అసలు టార్గెట్ నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది. మీ కన్ను 1.56 మీటర్ల ఎత్తున ఉంటే తేడా 16 సెం.మీ. 5 మీటర్ల దగ్గర ఆ తేడా సగమే, కాబట్టి టార్గెట్ 1.48 మీటర్ల దగ్గర అతికించాలి. ఇది పట్టించుకోకుండా నెలరోజులు సాధన చేస్తే రేంజ్‌లో చెయ్యి వేరే ఎత్తుకు అలవాటుపడి ఉంటుంది.

ఖాళీ సాధనకు ముందు పెల్లెట్ల డబ్బా పక్కగదిలో పెట్టి రండి. బ్రీచ్ తెరిచి కళ్ళతో చూడండి. గోడ అవతల ఎవరూ లేరని చూసుకోండి. గన్ ఖాళీ అయినా సరే.

10. గుంపు చదవడం: ఎక్కడ పడితే ఏం తప్పు

ఒక్క షాటు చూసి ఏమీ తేల్చకండి. పది షాట్ల గుంపు చూడాలి. ఇవన్నీ కుడిచేతి వాళ్ళకు, సూచనలే తప్ప తీర్పులు కాదు.

పిస్టల్:

కింద ఎడమ మూల: జెర్కు. వేలితో పాటు మొత్తం పిడికిలి బిగుస్తోంది. మందు: తెల్లగోడ, వారం రోజులు.

పైన: షాటు ఎక్కడ పడిందో చూడాలని తల లేపుతున్నారు, లేదా మణికట్టు పైకి విరుగుతోంది. మందు: షాటు తర్వాత రెండు సెకన్లు ఆగడం.

నేరుగా ఎడమకి: వేలు చివరితో నొక్కుతున్నారేమో చూడండి. కుడికి పోతుంటే వేలు ఎక్కువ లోపలికి పోయిందేమో.

నిలువు గీతలా: ఊపిరి ప్రతిసారీ ఒకేచోట ఆగడం లేదు, లేదా ముందు సైటు ఎత్తు మారుతోంది.

అడ్డ గీతలా: పాదాలు. కళ్ళు మూసి తెరిచే పరీక్ష మళ్ళీ చేయండి.

అన్ని వైపులా చెల్లాచెదురు: కన్ను టార్గెట్ మీద ఉంది.

రైఫిల్:

కుడివైపు కిందికి: రైఫిల్ కుడికి వాలుతోంది. ముందు సైటులో అడ్డంగా ఉన్న గీతలు నేలకు సమాంతరంగా ఉన్నాయా చూసుకోండి.

నిలువుగా: ఎడమ చెయ్యి కండ బలంతో మోస్తున్నారు, లేదా చెంప ఒత్తిడి మారుతోంది.

మొదట బాగుండి, 30 షాట్ల తర్వాత మెల్లగా జరిగిపోవడం: సిలిండర్ ముల్లు చూడండి. గాలి సరిపోతే, తప్పు నడుముది. కూర్చుని విశ్రాంతి తీసుకోండి.

గుంపు చిన్నదై పక్కన పడితే అది సైటు పని. గుంపు పెద్దదైతే అది మీ పని. పెద్ద గుంపుకి సైటు తిప్పుతూ కూర్చోవడం కొత్తవాళ్ళలో అతి మామూలు జబ్బు.

11. సైటు సరిచేయడం

క) ఐదు షాట్లు కాల్చి గుంపు నడుమ ఎక్కడుందో చూడండి.
గ) వెనక సైటుని షాటు ఎటు పోవాలో అటే జరపాలి. షాటు కుడికి పోవాలంటే వెనక సైటు కుడికి.
చ) గుండీల మీద జర్మన్ అక్షరాలుంటాయి: హెచ్ అంటే పైన, టీ కింద, ఆర్ కుడి, ఎల్ ఎడమ. చాలా రైఫిల్ సైట్లలో దాని అర్థం 'షాటు పైన పడితే ఇటు తిప్పు' అని. 'పైకి పంపడానికి ఇటు' అనుకుని తిప్పితే తప్పు రెండింతలవుతుంది.
జ) అనుమానముంటే 10 క్లిక్కులు ఒకే వైపు తిప్పి ఐదు కాల్చండి. ఎటు, ఎన్ని మి.మీ. జరిగిందో కొలిచి డైరీలో రాసుకోండి. మీ గన్ లెక్క మీకు దొరికినట్టే.

పెల్లెట్లు చదును తల ఉన్నవే వాడాలి. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల కొలత ఉంటుంది. ఏది మీ బారెల్‌కి పడుతుందో గన్‌ని బిగించి పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష స్కోరు బాగా పెరిగాక చేయించుకోవచ్చు. మొదటి ఏడాది ఒకే రకం వాడండి. లంగా (వెనకవైపు విచ్చుకున్న భాగం) అంచు నొక్కుకుపోయిన పెల్లెట్ పక్కన పడేయండి.

12. పన్నెండు వారాల ప్రణాళిక

వారానికి మూడు రోజులు రేంజ్, మిగతా రోజుల్లో రెండు సార్లు 20 నిమిషాల ఖాళీ సాధన.

1–2 వారాలు: నిలబడే తీరు, పట్టు, తెల్లగోడ. రోజుకి 20 పెల్లెట్లు దాటొద్దు. స్కోరు రాయొద్దు.

3–6 వారాలు: టార్గెట్ కాగితం తిప్పి, తెల్లవైపు కాల్చండి. గుంపు ఎంత చిన్నదవుతోందో స్కేలుతో కొలవండి. రోజుకి 30–40 పెల్లెట్లు. పిస్టల్ వాళ్ళు 30 సెకన్లు ఎత్తి పట్టుకుని, ఒక నిమిషం విశ్రాంతి, ఇలా ఐదు సార్లు. భుజం నొప్పి పెడితే ఆపేయాలి. మంట వేరు, నొప్పి వేరు.

7–10 వారాలు: నల్ల గుండ్రం, పది షాట్ల సిరీస్‌లు. ప్రతి సిరీస్‌లో దించేసిన షాట్లు ఎన్నో కూడా రాయండి. ఒక్కటీ దించలేదంటే బలవంతంగా కాలుస్తున్నారని అర్థం.

11–12 వారాలు: వారానికొకసారి పూర్తి మ్యాచ్, గడియారం పెట్టుకుని.

గన్ కొనడం గురించి అప్పుడు ఆలోచించండి. అప్పటికి మీ చేతి సైజు, ఏ గ్రిప్ పడుతుందో, అసలు ఈ ఆట మీకు పడుతుందో లేదో తెలిసి ఉంటుంది. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్థర్, స్టయర్, మోరిని, పార్దిని అన్నీ మంచివే. క్లబ్బులో ఎక్కువమంది దగ్గర ఏదుందో అది కొనండి, విడిభాగాలు, సలహా రెండూ పక్కనే దొరుకుతాయి.

13. మొదటి మ్యాచ్

పోటీల మెట్లు: రాష్ట్ర ఛాంపియన్‌షిప్, సౌత్ జోన్, జి.వి. మావలంకర్, నేషనల్స్. పై మెట్టుకి కావాల్సిన కనీస స్కోరు, వయసు విభాగాలు జాతీయ రైఫిల్ అసోసియేషన్ (ఎన్‌ఆర్‌ఏఐ) సర్క్యులర్‌లో ఉంటాయి. ఎవరో చెప్పింది నమ్మకుండా ఆ ఏటి కాగితమే చూడండి.

మ్యాచ్ అంటే 15 నిమిషాలు సన్నాహం, సైటింగ్ (లెక్కలోకి రాని సరిచూసుకునే షాట్లు). తర్వాత 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద 75 నిమిషాలు, కాగితం మీదైతే 90. పిస్టల్ గరిష్ఠం 600. రైఫిల్‌కి దశాంశాల లెక్క ఉంటే ఒక్కో షాటుకి 10.9 దాకా, మొత్తం 654.

75 నిమిషాల్ని ఇలా పంచుకోండి: సిరీస్‌కి 10 నిమిషాలు చొప్పున ఆరు సిరీస్‌లకు 60. మిగిలిన 15 నిమిషాలు దించేసిన షాట్లకు, నీళ్ళకు, చెడ్డ షాటు తర్వాత కూర్చోవడానికి. మొదటిసారి ఆడేవాళ్ళు 40 నిమిషాల్లో 60 అవగొట్టి, మిగతా సమయం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటారు.

సంచిలో ఉండాల్సినవి:

☐ గుర్తింపు కార్డు, పోటీ ఎంట్రీ కాగితం, గన్ బిల్లు
☐ నిండిన సిలిండర్, వీలైతే ఇంకొకటి
☐ ఒకే డబ్బాలోంచి తీసిన 100 పెల్లెట్లు
☐ సేఫ్టీ ఫ్లాగ్
☐ ట్రిగ్గర్, సైటు బిగించే అలెన్ కీలు, చిన్న స్క్రూడ్రైవర్
☐ కంటి అడ్డు, అద్దాలు తుడిచే గుడ్డ, తువ్వాలు
☐ నీళ్ళు, అరటిపండు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువ కాఫీ తాగకండి
☐ డైరీ, పెన్ను

పిస్టల్‌ని తనిఖీలో 420 × 200 × 50 మి.మీ. పెట్టెలో పట్టిస్తారు. పెద్ద గ్రిప్పుతో, పక్కకు పొడుచుకొచ్చిన అరచేతి పలకతో అది పట్టకపోతే అక్కడికక్కడ ఆకురాయి వెతుక్కోవాల్సొస్తుంది. ముందురోజే కొలుచుకోండి.

మ్యాచ్ మధ్యలో 6 పడిందనుకోండి. గన్ టేబుల్ మీద పెట్టండి, వేళ్ళు గ్రిప్ నుంచి పూర్తిగా తీసేయండి, కూర్చోండి. నీళ్ళు తాగండి. పెల్లెట్ పెట్టకుండా రెండు ఖాళీ షాట్లు వేసుకోవాలనిపిస్తే ముందు రేంజ్ ఆఫీసర్‌ని అడిగి, ఒప్పుకుంటేనే వేయండి. తర్వాత పాదాల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టండి: పాదాలు, పట్టు, ఊపిరి, సైటు, వేలు.